కుంభరాశి ఎవరి ఇల్లు

ముందుగా నిశ్చయంగా తెలిసినవి చెబుతాను.

నా బల్ల సొరుగులో ఒక కాగితం నకలు ఉంది. అసలు కాగితం యాభై ఏళ్ళ నాటిది, మడతల దగ్గర చిరిగింది. పెళ్ళి పొంతన చూసిన లెక్క అది. వధువు ఉత్తరా నక్షత్రం ఒకటో పాదం, సింహరాశి. వరుడు ధనిష్ఠ మూడో పాదం, కుంభరాశి. కింద ఎనిమిది వరుసలు, వరుసకొక అంకె. అన్నిటి మొత్తం ముప్పై ఆరుకు పదిహేడున్నర. పద్దెనిమిది గుణాలుంటే సంబంధం కలుపుకోవచ్చునని వధువు ఇంటి నియమం. అర గుణం తక్కువైంది గనుక మొత్తం కింద ‘కూడదు’ అని ఒక్క మాట రాసి గీత గీశారు. రాసింది జమ్మలమడుగులోని ఒక సిద్ధాంతిగారు. ఆ చేతిరాత తనదేనని ఆయనే నాతో చెప్పారు. వధువు ఆయన సొంత చెల్లెలు. తర్వాతి కాలంలో పులివెందుల హైస్కూల్లో నాకు లెక్కలు చెప్పిన టీచరు ఆమే. ఆమె పెళ్ళి చేసుకోలేదు.

ఇంతవరకే రుజువున్నది. మిగిలింది వినికిడి. వరుడు మైదుకూరు మనిషి. ఆ తర్వాత అతను రెండేళ్ళు వేరే సంబంధం చూడలేదని ఒక మాట ఉంది. టీచరు ఆ ఏడాదంతా అన్నతో మాట్లాడలేదని మరొకటి. వీటిని నేను ముగ్గురి దగ్గర విన్నాను. ముగ్గురూ ఒకే మనిషి దగ్గర విన్నారని తర్వాత తేలింది. కాబట్టి మూడు సాక్ష్యాలను ఒకటిగా లెక్కించాలి. ఆ ఒక్క మనిషీ ఆ రోజుల్లో ఆ ఇంట్లో లేడు.

నేను ప్రొద్దుటూరులో ఒక డిగ్రీ కాలేజీలో ఫిజిక్సు చెబుతాను. మాది వీరపునాయునిపల్లె పక్కన సేద్యం చేసే ఇల్లు. గ్రహాలు మనుషుల పెళ్ళిళ్ళను నిర్ణయిస్తాయనడానికి ఇంతవరకు నాకు రుజువు కనబడలేదు. ఈ మాట ముందే చెప్పడం న్యాయం. ఎందుకంటే ఇకమీద రాసేదంతా ఏ రాశికి ఏ గ్రహం అధిపతి అన్న సంగతి గురించే.

సిద్ధాంతిగారితో నాకు పరిచయం ఒక సూర్యగ్రహణం వల్ల కలిగింది. ఆయన పంచాంగ గణితం చేత్తో చేస్తారని విని, తప్పు పట్టాలనే ఉద్దేశంతో ఒక డిసెంబరు ఉదయం గడియారమూ నల్లద్దమూ తీసుకుని జమ్మలమడుగు వెళ్ళాను. ఆయన మిద్దె మీద ఇద్దరం కూర్చున్నాం. ఆయన చెప్పిన స్పర్శకాలానికీ అద్దంలో సూర్యుడి అంచు నొక్కుపడిన క్షణానికీ తేడా నిమిషం లోపే వచ్చింది.

“ఏమప్పా సైన్సు సారూ, సూర్యుడు నా మాట విన్నాడా లేదా?” అన్నారు.

“మీ మాట కాదు సామీ, మీ లెక్క విన్నాడు.”

“ఆ రెండూ వేరా?” అని నవ్వారు.

వేరేనని నా నమ్మకం. అయినా అంత శ్రద్ధగా లెక్క చేసే మనిషి మీద గౌరవం పుట్టకుండా ఉండదు. అప్పటి నుంచి నెలకొకసారైనా వెళ్ళేవాణ్ణి. ఆయన జాతకాల గురించి నేను అడగలేదు, నా అవిశ్వాసం గురించి ఆయన అడగలేదు.

ఆ ఒప్పందం ఒక మే నెలలో చెడింది. ఆయనే ఫోను చేశారు.

“అప్పా, ఈ ఆదివారం ఈడికి రా. కుంభం ఎవురిదో తేల్చాల.”

“కుంభం శనిది గదా సామీ. మీరే ఎన్నోసార్లు అన్నారు.”

“నేను అన్నిది పక్కన పెట్టు. నువ్వు తేల్చు.”

నేను వెళ్ళేసరికి వరండాలో లింగాల నుంచి వచ్చిన ఒక చీనీ (బత్తాయి) తోట రైతు కూర్చుని ఉన్నాడు. అడిగిన సంగతే మళ్ళీ అడగడానికి ఆ వారంలో రెండోసారి వచ్చాడట. చేతిలో ఫోను, ఒళ్ళో రెండు జాతకాలు. ఆయన కూతురిది సింహరాశి, చూసిన పిల్లవాడిది కుంభం. రాశుల అధిపతుల మధ్య స్నేహం చూసే వరుసలో సున్న వచ్చింది. సింహానికి అధిపతి సూర్యుడు, కుంభానికి శని. ఆ ఇద్దరూ ఒకరికొకరు శత్రువులని శాస్త్రం. తక్కిన వరుసలు ఎలాగో గట్టెక్కినా ఆ సున్న వల్ల మొత్తం చాలడం లేదు.

“తప్పుగా అనుకోవద్దండి సామీ,” అంటున్నాడు రైతు. “ఈ ఫోన్లో కుంభానికి అధిపతి యురేనస్ అని ఉండాది. ఇంగ్లీషోల్లంతా అదే అంటాండారు. ఆ యురేనస్‌కూ సూర్యునికీ ఏమన్నా పాత తగువుండాదా?”

“ఆ యురేనస్ మా నాయన పుస్తకంలో లేదప్పా.”

“మీ నాయన పుస్తకంలో ఫోను గూడా లేదు గదా సామీ.”

మామూలుగా అయితే సిద్ధాంతిగారు జాతకాలు తిరిగి చేతిలో పెట్టి పంపేవారు. ఆ రోజు కాసేపు ఆ ఫోను వంకే చూశారు. “పది దినాలు ఆగు. చెప్తా,” అన్నారు. రైతు లేచి చెప్పులు వేసుకుంటూ నా వైపు తిరిగి, “మీరన్నా చెప్పండి సారూ. పిల్లోడు శానా మంచోడు. ఈ శని ఒగడే అడ్డం,” అని వెళ్ళిపోయాడు.

అప్పుడు సిద్ధాంతిగారు లోపలికి వెళ్ళి ఆ పాత కాగితం తెచ్చి నా ముందు పరిచారు. ఆ కాగితం గురించి మొదట చెప్పినదంతా నాకు తెలిసింది ఆ మధ్యాహ్నమే. మా టీచరు ఆయన చెల్లెలని ఎరుగుదును. ఆమె ఒంటరితనం వెనక ఒక అంకె ఉందని ఎరగను.

“ఈ సింహం–కుంభం నాకు కొత్త కాదు,” అన్నారాయన. “అప్పుడూ ఈ వరసలో సున్నే ఏసినా. అర గుణం తక్కువాయె. ఇప్పుడు ఆ రైతు అడిగినాడు చూడు, కుంభం శనిది కాకపోతే అని. కాకపోతే మా చెల్లెలి బతుకు నా చేత్తోనే చెడగొట్టినట్ల. అవునంటే ఈ పిల్ల సంబంధానికీ కూడదనే రాయాల. రెండిట్లో ఏదో ఒగటి తేల్చప్పా. నువ్వు నమ్మవు గాబట్టే నిన్ను అడుగుతాండా. నమ్మేటోడైతే నా మొగం చూసి చెప్తాడు.”

ఎనభై దాటిన మనిషి. ఆ కాగితాన్ని పాత మడతల మీదే జాగ్రత్తగా మడిచారు.

నేను మొదట రైతు పొరపాటుతో మొదలుపెట్టాను. ఫోనులో ఉన్న కుంభమూ జాతకంలో ఉన్న కుంభమూ ఒకటి కావు. పడమటివారు పుట్టినప్పుడు సూర్యుడు ఎక్కడున్నాడో చూసి రాశి చెబుతారు. మనవాళ్ళు చంద్రుడు ఎక్కడున్నాడో చూస్తారు. పైగా రాశిచక్రాన్ని వాళ్ళు మొదలుపెట్టే చోటు, మనం మొదలుపెట్టే చోటు ఈనాటికి ఇరవై నాలుగు డిగ్రీల దూరం జరిగాయి. పేరు ఒకటే, ఇల్లు వేరు. ఆ రైతు చేసింది, ఒక ఊరి సర్వే నంబరు తీసుకుని ఇంకో ఊళ్ళో పొలం వెదకడం లాంటిది.

“అది నాకు తెలుసు,” అన్నారు సిద్ధాంతిగారు. “యురేనస్ సంగతి చెప్పు.”

చెప్పాను. పద్దెనిమిదో శతాబ్దం చివరిదాకా అది గ్రహమని ఎవరూ గుర్తించలేదు. చీకటి బాగా ఉన్న ఆకాశంలో కళ్ళు మంచివైతే చుక్కలా లీలగా కనబడుతుంది గానీ, కదులుతోందని పట్టుకున్నది దూరదర్శిని వచ్చాకే. ఆ తర్వాత పడమటి జ్యోతిష్కులు దానికొక ఇల్లు వెదికి, శని దగ్గర రెండున్నాయి గదా అని కుంభాన్ని ఇచ్చారు. నెప్ట్యూన్ కనబడితే గురుడి దగ్గర నుంచి మీనం తీసి ఇచ్చారు. ప్లూటోకు కుజుడి వృశ్చికం. తర్వాత ఖగోళ శాస్త్రజ్ఞులు ప్లూటో గ్రహమే కాదని తేల్చారు. వృశ్చికం మాత్రం చాలామంది దాని పేరనే ఉంచారు.

“ఉద్యోగం పోయినా క్వార్టర్సు ఖాళీ చెయ్యలేదా?”

“చెయ్యలేదు సామీ.”

“మన ఆఫీసుల మాదిరే ఉండాది.” ఆయన నవ్వి మళ్ళీ గంభీరమయ్యారు. “సరే, కుంభం యురేనస్‌దే అనుకో. సూర్యునితో దానికి స్నేహమా, శత్రుత్వమా, సమమా?”

అక్కడే ఆ దారి మూసుకుపోయింది. మన మైత్రి పట్టికలో యురేనస్‌కు వరుసే లేదు. కొత్తగా చేర్చాలంటే ఆధారం లేదు. అంకె వేయలేని చోట లెక్క ముందుకు పోదు.

అప్పుడాయన చైనావాళ్ళ సంగతి అడిగారు. మనుమరాలు ఫోనులో చూపించిందట, వాళ్ళకూ పన్నెండు ఉన్నాయనీ, అన్నీ జంతువులనీ. నేను చదివినంత వరకు చెప్పాను. వాళ్ళ పన్నెండు సంవత్సరాలకు చెందినవి. ఒక్కొక్క జంతువుకూ ఒక మూలపదార్థం ఉంది, ఒక్కొక్క మూలపదార్థానికీ ఒక గ్రహం ఉంది. కొయ్యకు గురుడు, నిప్పుకు కుజుడు, మట్టికి శని, లోహానికి శుక్రుడు, నీటికి బుధుడు. శనికి నాలుగు జంతువులు, తక్కిన నలుగురికీ రెండేసి. నాలుగూ ఎనిమిదీ పన్నెండు.

సిద్ధాంతిగారు సుద్దముక్కతో వరండా బండ మీద ఆ లెక్క వేసుకున్నారు. మన వైపు సూర్యుడికి ఒకటి, చంద్రుడికి ఒకటి, తక్కిన అయిదుగురికీ రెండేసి. రెండూ పదీ పన్నెండు.

“వాళ్ళ లెక్కలో సూర్యునికి ఇల్లే లేదా?”

“లేదు సామీ.”

“పాపం. ఊరంతా ఆయన వెలుతురే, ఉండడానికి యాడా చోటు లేదు.”

చెల్లెలు నందన నామ సంవత్సరంలో పుట్టారు. వరుడు సర్వజిత్తులో. చైనావారి లెక్కలో ఆమె డ్రాగన్, అతను పంది. డ్రాగన్‌ది మట్టి, అంటే శని. పందిది నీరు, అంటే బుధుడు. మట్టి నీటికి అడ్డకట్ట వేస్తుందని వాళ్ళ శాస్త్రం, కాబట్టి పడదు. వాళ్ళకు ఇతర పద్ధతులు ఉన్నాయి, అవన్నీ నేను పరిశీలించలేదు. కానీ ఒక సంగతి ఇద్దరికీ ఒకేసారి తట్టింది. మన పట్టికలో శనీ బుధుడూ దాదాపు స్నేహితులు. అయిదింట నాలుగు గుణాలు వేస్తారు. అవే రెండు గ్రహాలు అక్కడ అడ్డం, ఇక్కడ స్నేహం.

“అడ్డకట్ట సంగతి మాత్రం నిజమేనప్పా,” అన్నారాయన. “మా చెల్లెలు ఎవురికైనా అడ్డకట్టే. హెడ్మాస్టర్లే ఆ యమ్మ ముందర నీల్లు నమిలేటోల్లు.”

మూడు శాస్త్రాలు చూశాం. మూడూ మూడు మాటలు చెప్పాయి. నాకది చాలు. ‘ఏదీ నిజం కాదు సామీ, ఇంటికి పోయి పడుకోండి’ అని చెప్పి లేచి రావచ్చు. ఆయన ఊరుకోలేదు. సుద్దముక్కతో పన్నెండు గడులు గీసి, మన అధిపతుల పంపకం ఎలా జరిగిందో చూపించారు. కర్కాటకం చంద్రుడిది, సింహం సూర్యుడిది, అవి రెండూ పక్కపక్కన. వాటికి అటొకటి ఇటొకటి బుధుడివి. ఆ తర్వాత అటూ ఇటూ శుక్రుడివి, కుజుడివి, గురుడివి. చివరికి ఎదురుగా, అన్నిటికన్నా దూరంలో, మకరమూ కుంభమూ శనివి.

నలభై ఏళ్ళుగా ఆ పేర్లు వింటున్నాను. వాటి వెనక ఇంత వరుస ఉందని ఏనాడూ గమనించలేదు. గ్రహాలను ఆకాశంలో వాటి వేగం ప్రకారం పేర్చారు. వేగంగా తిరిగేది రాజూ రాణీ లాంటి సూర్యచంద్రుల పక్కన, నెమ్మదిగా తిరిగేది ఎదురు మూలన. రుజువు లేకపోవచ్చు గానీ అందం ఉంది. ఒప్పుకున్నాను.

“మరి రాజూ రాణీ ఆ రెండిళ్ళలోనే ఎందుకు కూర్చున్నారు సామీ? వేరే చోట కూర్చుని ఉంటే వరుసంతా జరిగేది గదా.”

ఆయన సుద్దముక్క కింద పెట్టారు. “అది మా నాయన చెప్పలేదు. నేను అడగలేదు.”

ఆ వారం నేను ఆ ఒక్క ప్రశ్న మీద కూర్చున్నాను. పడమటి పాత గ్రంథాలు చెప్పే కారణం సులువుగానే దొరికింది. సూర్యుడు ఆ రెండు రాశుల్లో ఉండే నెలల్లో వాళ్ళ దేశాల్లో ఎండలు ముదురుతాయి. వెలుగూ వేడీ ఎక్కువ గనుక ఆ ఇళ్ళు వెలుగునిచ్చే ఇద్దరివి. ఎదురు రాశుల్లో చలి గనుక అవి శనివి. గ్రంథాల్లో ఈ కారణం ఉందన్నది నిశ్చయం. మనవాళ్ళు పంపకాన్ని అక్కడినుంచే తీసుకున్నారన్నది చాలామంది పండితుల అభిప్రాయం. అభిప్రాయాన్ని అభిప్రాయంగానే రాస్తున్నాను.

రెండో ఆదివారం ఈ మాట చెప్పినప్పుడు మేం ఆ వరండాలోనే ఉన్నాం. పదకొండు గంటలకే బండలు కాలుతున్నాయి. ఆయన గోనెసంచి తడిపి పరిచి, దాని మీద కూర్చున్నారు. పెన్నలో ఇసుక తప్ప ఏమీ లేదు.

“సింహంలో సూర్యుడు ఉండేది ఆగస్టు నడిమి నుంచి,” అన్నారు మెల్లగా. “అప్పుడు ఈడ వానలు. ఎండ ముదిరేది మేషంలో, వృషభంలో. ఇదిగో, ఇప్పుడు.”

“అవును సామీ.”

“అంటే ఆ రాజు మన ఊర్లో కూచోలేదు.”

నేను చేసిన తప్పు ఇక్కడే. ఊరుకోవలసింది. లెక్క చేసే సరదా కొద్దీ సుద్దముక్క నేనే తీసుకున్నాను. కడప జిల్లా ఎండను బట్టి పంచితే ఎలా ఉంటుందని, చంద్రుణ్ణి మేషంలోనూ సూర్యుణ్ణి వృషభంలోనూ కూర్చోబెట్టి వరుస తప్పకుండా పేర్చుకుంటూ పోయాను. బుధుడికి మీనం, మిథునం. శుక్రుడికి కుంభం, కర్కాటకం. కుజుడికి మకరం, సింహం. గురుడికి ధనుస్సు, కన్య. శనికి వృశ్చికం, తుల. చలి సంగతి సరిగ్గా కుదరలేదు. మన దగ్గర చలి బాగా ఉండేది ధనుర్మాసంలో, శని ఇళ్ళు దానికి ముందరి రెండు నెలల్లో పడ్డాయి. ఆ సంగతీ చెప్పాను. ఆయన వినలేదు. ఆయన కళ్ళు సింహం మీదా కుంభం మీదా ఉన్నాయి.

“సింహం కుజునిది. కుంభం శుక్రునిది. ఒగరికొగరు సమం,” అని వేళ్ళు మడిచారు. “మూడు గుణాలు. పదిహేడున్నరకు మూడు కలిపితే ఇరవైన్నర.”

మడిచిన వేళ్ళ వైపే చూసుకున్నారు.

“ఎవురి ఊరి ఎండకో మా ఇంటి పిల్లను తూచినా గదప్పా,” అన్నారు.

నేను సర్దిచెప్పబోయాను. నా పంపకమూ నిజం కాదు. ఎక్కడ మొదలుపెడతామో దాన్ని బట్టి అంకె మారుతుందని మాత్రమే అది చూపిస్తుంది. మారే అంకె మీద మనిషి బతుకును నిలబెట్టకూడదు, అంతే. ఈ మాటలన్నీ సరైనవే. చెప్పవలసిన క్రమంలోనే చెప్పాను. వాటివల్ల ఆయనకు కలిగిన మేలు ఏమీ కనబడలేదు. పరీక్ష పేపరు దిద్దినట్టు ఒక ముసలాయన మనసు దిద్దానని ప్రొద్దుటూరు బస్సులో కూర్చున్నాక తెలిసింది.

రెండు రోజుల తర్వాత ఆయన మళ్ళీ ఫోను చేశారు. “పులివెందులకు పోదాం రా. ఆ యమ్మకు చెప్పాల. ఒగన్నే పోతే నోరు రాదు.”

ముద్దనూరు మీదుగా బస్సులో వెళ్ళాం. దారిపొడుగునా ఆయన జేబు తడుముకుంటూనే ఉన్నారు. పాత కాగితమూ, నేను రాసిచ్చిన కొత్త పంపకమూ అందులో ఉన్నాయి.

టీచరు వాకిట్లో కుర్చీలో కూర్చుని పేపరు చదువుతున్నారు. డెబ్బై దాటినా వీపు కుర్చీకి ఆనించలేదు.

“ఏమన్నా, చెప్పకుండా వచ్చినావు? ఈయప్ప ఎవురు?” అని నన్ను పరకాయించి చూశారు. “ఓహో. వీరపునాయునిపల్లె హాస్టలు పిల్లోడు గదా. ఇంకా స్టెప్పులు ఎగరగొట్టి ఆన్సరు రాస్తాండావా?”

“మానేశాను టీచర్.”

“మానేసినోడు ఈయనతో ఎందుకు తిరుగుతాండావు మళ్ళ? ఈయనది అంతా ఆన్సరే గదా, స్టెప్పు యాడుండాది?”

బొరుగులతో చేసిన ఉగ్గాని తెచ్చి పెట్టారు. సిద్ధాంతిగారు చెయ్యి పెట్టలేదు. రెండు కాగితాలూ తీసి చెల్లెలి ముందు ఉంచి, తల వంచుకుని, ఎక్కడా ఆగకుండా మొత్తం చెప్పారు. రైతు ఫోను నుంచి ఎండ దాకా, పదిహేడున్నర నుంచి ఇరవైన్నర దాకా. చివర, “తప్పు నాదేమ్మీ,” అన్నారు.

ఆమె కళ్ళద్దాలు పెట్టుకుని ముందు నా కాగితం చదివారు. వేలితో ఒక్కొక్క రాశినీ తాకుతూ సరిచూశారు. తర్వాత పాతది.

“యాభై ఏండ్ల తర్వాత రీవాల్యుయేషనా?” అన్నారు. “మార్కులు కలిపినారు సరే. ఇంగ ఏ కాలేజీలో చేరమంటావు నన్ను?”

ఆయన తల ఎత్తలేదు. ఆమె కాగితాలు మడిచి కుర్చీ చేతి మీద పెట్టారు. గొంతు మారింది.

“ఇటు చూడు అన్నా. ఆ సంబంధం నాకే ఇష్టం లేదు. టీచరు ట్రైనింగుకు సీటొచ్చింది అప్పుడే. ఆ యప్ప చదువు మానిపించాలన్నాడంట. వద్దని నాయనతో నేనే చెప్పినా. నాయన నీకు గట్టిగా చూడమని చెప్పింటాడు, నువ్వు గట్టిగా చూసినావు. అంతే.”

“నాయన నాతో అట్ల ఏమీ చెప్పలేదే.”

“చెప్పింటాడు. మర్చిపోయింటావు.”

“గురుతు లేదమ్మీ.”

“నీకు గురుతుండేవి గ్రహాలే గదా, మనుషులు చెప్పింది ఎప్పుడు గురుతుండాది? తిను ముందు. చల్లారిపోతాంది.”

ఆయన ఆమె ముఖంలోకి చూస్తూ ఉండిపోయారు. ఆ చూపులో ఉపశమనం ఉందో, కొత్త బాధ ఉందో నేను చెప్పలేను. ఆమె మాట నిజమైతే ఆయన అపరాధం పోతుంది. దానితోపాటు ఆ అర గుణం బరువూ పోతుంది. తాను శాస్త్రమనుకుని రాసిన ‘కూడదు’ ఇంకొకరు ముందే అనుకున్న ‘వద్దు’కు తెర మాత్రమే అవుతుంది. కొంతసేపటికి ఉగ్గాని ముద్ద నోట్లో పెట్టుకున్నారు. “ఉప్పు తక్కువాయె,” అన్నారు.

“అర గుణమే లే. సర్దుకో,” అన్నారామె.

అప్పుడు ఆయన నవ్వారు. గట్టిగా, దగ్గు వచ్చేదాకా.

గడువు నాటికి లింగాల రైతు వచ్చాడు. నేనూ వెళ్ళాను. సిద్ధాంతిగారు పొంతన కాగితం ఇచ్చారు. ఏడు వరుసల్లో అంకెలున్నాయి. అధిపతుల వరుసలో ఏమీ వేయలేదు, మొత్తం కూడా కట్టలేదు.

“ఇదేంది సామీ, ఖాళీగా పెట్టినారు?”

“ఆడ ఏసే అంకె నాకు తెలీదప్పా. నీ కూతుర్ని అడుగు, ఆ యమ్మ ఏసుకుంటాది.”

“పిల్లను అడిగేదేంది సామీ, పిల్లకేం తెలుసు?”

“నాకు తెలుసనుకుని ఒగసారి అడగలేదు. నువ్వు అడుగు.”

రైతు నా వైపు చూశాడు. అతను కాగితం మడిచి, కాసేపు నిలబడి, వెళ్ళాడు. కూతుర్ని అడిగాడని, ఆ అమ్మాయి పిల్లవాడితో ఒకసారి మాట్లాడాలని అన్నదని, తర్వాత ఆ పెళ్ళి జరిగిందని ఆ రైతే వచ్చి చెప్పాడు. వాళ్ళు సుఖంగా ఉన్నారా అని నన్నడిగేవారికి నా జవాబు ఒకటే. ఒక్క జంటతో ఏ సిద్ధాంతమూ నిలబడదు, పడిపోదు. సిద్ధాంతిగారు ఇప్పటికీ పంచాంగం గుణిస్తున్నారు. పొంతనలకు వచ్చినవారిని మాత్రం ముందు ‘పిల్లను అడిగినారా?’ అంటున్నారు.

నాకు తేలని ప్రశ్న ఒకటి మిగిలింది. ఆ రోజు టీచరు అన్నతో చెప్పింది నిజమా, లేక ఎనభై దాటిన అన్న మిగిలిన రోజులు తేలికగా గడపాలని అప్పటికప్పుడు కట్టిన మాటా? ఆ సంగతి తెలిసిన మూడో మనిషి వాళ్ళ నాయన, ఆయన పోయి చాలా ఏళ్ళయింది. సిద్ధాంతిగారికి గుర్తు లేదు. ట్రైనింగు సీటు ఏ ఏడాది వచ్చిందో రికార్డుల్లో వెదకవచ్చు. అది సరిపోయినా, సీటు వచ్చిందని తేలుతుంది గానీ సంబంధం వద్దన్నారని తేలదు. ఇక మిగిలింది ఆమెనే అడగడం. ఆ తర్వాత నాలుగుసార్లు పులివెందుల వెళ్ళాను, అడగలేదు. మొహమాటం కొంత కారణం కావచ్చు. అసలు కారణం వేరు. ఆ మాట నిజమైతే ఆమె నిజమనే అంటారు. కట్టినదైతే, దాన్ని కట్టిన కారణం కోసమే అప్పుడూ నిజమనే అంటారు. ఏది జరిగి ఉన్నా జవాబు ఒకటే వచ్చే ప్రశ్న అడిగి తెలుసుకునేది ఏమీ ఉండదు.